వెళ్లిపోయే హక్కు: 'మాలపిల్ల' కాంచనమాల జీవితం మనకు చెప్పేది

ఆత్రేయపురం అనగానే ఎవరికైనా పూతరేకులే గుర్తొస్తాయి. బియ్యం నానబెట్టి, పలచగా రుబ్బి, ఆ పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు తయారవుతుంది. కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. ఆ సెగ దగ్గర గంటల తరబడి కూర్చునేది ఆడవాళ్లే. 2023లో ఈ మిఠాయికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు ఇంకా పెరిగింది. దుకాణాల బోర్డులూ పెరిగాయి. రేకు తీసిన చెయ్యి ఎవరిదో మాత్రం డబ్బా మీద రాసి ఉండదు.

అదే మండలంలో లొల్ల లాకులున్నాయి. నిండు కాలువ, లాకుల తలుపులు, రెండు గట్ల మీదా కొబ్బరిచెట్లు. సినిమా వాళ్లకు ఇష్టమైన చోటు. షూటింగ్ ఉందంటే ఊరంతా గట్టు మీదికి చేరుతుంది. కెమెరా కాలువను చూస్తుంది, కొబ్బరితోటను చూస్తుంది, పెద్ద లోగిలిని చూస్తుంది. గట్టు దిగి దళితపేటలోకి రావడం అరుదు. ఒకవేళ వచ్చినా అక్కడి ఆడపిల్ల కథ ఎవరు రాస్తున్నారు, డబ్బు ఎవరిది, ఆ పిల్లగా తెర మీద నిలబడే మనిషి ఏ కాగితం మీద సంతకం పెట్టింది అనే ప్రశ్నలు మిగిలే ఉంటాయి.

ఈ ప్రశ్నలకు తొంభై ఏళ్ల వయసుంది. అందుకే ఈసారి మేము కాంచనమాల జీవితాన్ని తిరిగి చెప్పుకోవాలనుకున్నాం. 1938లో 'మాలపిల్ల' సినిమాలో శంపాలతగా నటించిన మనిషి ఆమె. తెలుగు సినిమా తొలి పెద్ద తారల్లో ఒకరు. పాత తరం వాళ్లు ఆమె అందం గురించి మాట్లాడతారు, ఆమె పిచ్చి గురించి మాట్లాడతారు. ఆ రెండింటి మధ్య ఆమెను కట్టిపడేసిన కాగితం ఒకటుంది. మేము దాని గురించి మాట్లాడతాం.

తెర మీదికి

కాంచనమాల 1917 మార్చి 5న పుట్టింది. తెలుగు టాకీ వచ్చింది 1932లో, 'భక్త ప్రహ్లాద'తో. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. ఇంకో మూడేళ్లకు, 1935లో, సి. పుల్లయ్య తీసిన 'శ్రీకృష్ణ తులాభారం'లో చిన్న వేషంతో తెర మీదికి వచ్చింది. తర్వాత 'వీరాభిమన్యు', 'విప్రనారాయణ'. 'విప్రనారాయణ'లో దేవదేవి పాత్ర ఆమెకు పేరు తెచ్చింది.

ఆ రోజుల్లో సినిమాలో నటించడమంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. నేపథ్య గానం ఇంకా రాలేదు. పాత్ర వేసినవాళ్లే కెమెరా ముందు నిలబడి పాడాలి. తెలుగు సినిమాలు చాలావరకు మద్రాసులోనూ కలకత్తాలోనూ తయారయ్యేవి. అంటే నటి ఊరు విడిచి వెళ్లాలి, పరాయి నగరంలో మగవాళ్ల మధ్య పని చేయాలి. సంసారుల ఇళ్లలో దీన్ని తప్పుగా చూసేవారు. అందుకే తొలి తరం నటీమణుల్లో చాలామంది నాటకాల నుంచీ, కళావంతుల కుటుంబాల నుంచీ వచ్చారు. దాసరి కోటిరత్నం లాంటివాళ్లు అప్పటికే సొంత నాటక సమాజం నడిపిన అనుభవంతో సినిమాలోకి వచ్చి నిర్మాతలుగా కూడా నిలబడ్డారు. కాంచనమాలకు అలాంటి వెనుబలం లేదు. ఆమె దగ్గర ఉన్నవి గొంతు, ముఖం, ధైర్యం.

1938 ఆమె ఏడాది. ఆ సంవత్సరం మొదట్లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 'గృహలక్ష్మి' వచ్చింది. అందులో కన్నాంబ ఇల్లాలు. కాంచనమాల ఆ ఇల్లాలి సంసారంలో నిప్పు పెట్టే నాట్యగత్తె మాధురి. మొగుడి కోసం అన్నీ ఓర్చుకునే ఆడది మంచిది, తన ఇష్టం తాను చూసుకునే ఆడది చెడ్డది. తెలుగు సినిమా ఈ లెక్క అప్పుడే వేసుకుంది. ఇప్పటికీ పూర్తిగా మార్చుకోలేదు. ఆ లెక్కలో కాంచనమాలకు రెండో వైపు చోటు దక్కింది. జనం తిట్టుకుంటూనే ఆమెను చూశారు. కొన్ని నెలలు తిరగకుండానే ఆమె ఇంకో వేషంలో వచ్చింది.

ఆ పేరు పెట్టడమే ఒక సాహసం

1938 సెప్టెంబరులో 'మాలపిల్ల' విడుదలైంది. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం, అంతకుముందు ప్రజామిత్ర పత్రిక నడిపినవాడు. కథ గుడిపాటి వెంకటచలానిది. మాటలు తాపీ ధర్మారావువి. సారథి ఫిలిమ్స్ వెనక ఉన్న డబ్బు చల్లపల్లి రాజాది.

సినిమాకు ఆ పేరు పెట్టడం అప్పట్లో చిన్న విషయం కాదు. ఆత్రేయపురం ఉన్న జిల్లాను చూడండి. కోనసీమ జిల్లా పేరు ముందు అంబేడ్కర్ పేరు చేరుస్తామన్నందుకు 2022 మే 24న అమలాపురం తగలబడింది. ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు కాలిపోయాయి. స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్లయ్యాక ఒక పేరు మీద అంత మంట లేచింది. అలాంటిది 1938లో గోడల మీద, బళ్ల మీద, కరపత్రాల మీద మాలపిల్ల అన్న మాట పెద్ద అక్షరాల్లో ఊరూరా తిరిగింది. అగ్రహారాల్లో అలజడి రేగింది. బ్రాహ్మణులకు ఉచిత ప్రవేశమని ప్రకటించి రామబ్రహ్మం ఆ అలజడిని ఎదుర్కొన్నాడని సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

కథ ఇది. ఊళ్లో హరిజనులు గుడి ప్రవేశం కోసం పోరాడుతుంటారు. గుడి పెద్ద సుందరరామశాస్త్రి వాళ్లను అడ్డుకుంటాడు. ఆయన కొడుకు నాగరాజు, మాలపల్లె పిల్ల శంపాలతను ప్రేమిస్తాడు. ఊళ్లో బతకనివ్వరని ఇద్దరూ కలకత్తా వెళ్లిపోతారు. శంపాలత చెల్లెలు అనసూయను కూడా వెంట తీసుకెళతారు. అక్కడ చదువూ, కొత్త బతుకూ దొరుకుతాయి. ఇక్కడ ఊళ్లో శాస్త్రి భార్య మంటల్లో చిక్కుకుంటే ఒక హరిజనుడు కాపాడతాడు. శాస్త్రి మనసు మారుతుంది. గుడి తలుపులు తెరుచుకుంటాయి.

మేము ఈ సినిమాను తేలిగ్గా తీసిపారేయం. అప్పటి తెలుగు సినిమా నిండా దేవుళ్లూ రాజులే. అలాంటి కాలంలో మాలపల్లెను కథ మధ్యలోకి తెచ్చినందుకు రామబ్రహ్మానికి దక్కాల్సిన గౌరవం దక్కాలి. అదే సమయంలో ఈ కథ ఎవరి కళ్లతో చూసిందో కూడా చెప్పాలి. కథ రాసిన చోట, మాటలు రాసిన చోట, దర్శకుడి కుర్చీలో, డబ్బు సంచి దగ్గర మాలపల్లె మనిషి ఎవరూ లేరు. శంపాలత పాత్రకు ఒక దళిత నటిని వెతకాలన్న ఆలోచన ఆనాటి సినిమా వాళ్లకు తట్టినట్టే కనిపించదు. శంపాలత విముక్తి ఒక బ్రాహ్మణ యువకుడి ప్రేమలో ఉంది. ఊరి విముక్తి ఒక బ్రాహ్మణ పెద్ద మనసు మారడంలో ఉంది. అది గాంధీ హరిజనోద్ధరణ చట్రం. ఆ సినిమాకు మూడేళ్ల ముందే, 1935లో యేవలాలో, తాను హిందువుగా చచ్చిపోనని అంబేడ్కర్ ప్రకటించాడు. 1936లో 'కులనిర్మూలన' అచ్చయింది. సినిమా గుడి తలుపు దగ్గర ఆగిపోయింది. అంబేడ్కర్ ఆ గడప దాటి బయటికి వెళ్లే మాట అప్పటికే చెప్పేశాడు. మన తెలుగు నేల మీదా కుసుమ ధర్మన్న లాంటివాళ్లు పై కులాల దయ మీద ఆధారపడని గొంతుతో రాస్తూనే ఉన్నారు.

అయినా ఆ సినిమాలో ఒక సంగతి నిజంగా కొత్తది. శంపాలత ఊరు విడిచి వెళ్లిపోతుంది. చలం కథల్లో ఆడవాళ్లు ఇలాగే వెళ్లిపోతారు. 1927లో వచ్చిన 'మైదానం'లో రాజేశ్వరి కూడా ఇల్లు విడిచి వెళ్లిందే. మన సమాజం దీనికి లేచిపోవడం అని పేరు పెట్టి ఆడదాని మీద ముద్ర వేస్తుంది. మగవాడు ఊరు విడిచిపెడితే బతకడానికి వెళ్లాడంటారు. ఆడది అదే పని చేస్తే లేచిపోయిందంటారు. స్వేచ్ఛ అంతా ఆ రెండు మాటల మధ్య తేడాలోనే ఉంది. ఇష్టం లేని చోట ఉండకుండా ఉండగలగడం, ఇంకో చోటికి వెళ్లి బతకగలగడం. తెర మీద శంపాలతకు అది దొరికింది. శంపాలతగా నటించిన మనిషికి నాలుగేళ్లలో అదే కరువైంది.

మూడు సినిమాలు, మూడు రకాల ఇల్లాళ్లు

'మాలపిల్ల' తర్వాత కాంచనమాల కోసం పెద్ద సంస్థలు ఎదురుచూశాయి. 1939లో బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థ తొలి సినిమా 'వందేమాతరం'లో నాగయ్య పక్కన నటించింది. చదువుకుని ఉద్యోగం దొరకని యువకుల కథ అది. అదే ఏడాది వై.వి. రావు తీసిన 'మళ్లీ పెళ్లి'లో వితంతువు పాత్ర. బాల్యంలోనే విధవ అయిన ఆడపిల్లకు మళ్లీ పెళ్లి ఎందుకు ఉండకూడదని అడిగిన సినిమా. 1940లో మళ్లీ రామబ్రహ్మం దర్శకత్వంలో 'ఇల్లాలు'. ఈ సినిమాలో ఆమెతోపాటు లక్ష్మీరాజ్యం కూడా ఉంది. ఆ స్నేహం చాలా ఏళ్ల తర్వాత మళ్లీ కనిపిస్తుంది.

ఒక్కసారి ఈ వరస చూడండి. కులం గీత దాటిన ఆడది, ఉద్యోగం లేని మొగుడితో బతుకు ఈదిన ఆడది, వైధవ్యం గీత దాటిన ఆడది. ఆనాటి సంస్కరణవాదులు ఏయే మాటలు సభల్లో చెప్పారో వాటిలో చాలా మాటలకు తెర మీద ముఖం కాంచనమాలదే. ఆ సంస్కరణ సినిమాలు ఆడదాని స్వేచ్ఛ గురించి మాట్లాడాయి. ఆ సినిమాలు తీసిన పద్ధతిలో మాత్రం ఆ స్వేచ్ఛకు చోటు లేదు. కథ మగవాళ్లది, కంపెనీ మగవాళ్లది, లాభం మగవాళ్లది. నటికి దక్కేది జీతం, పేరు. ఆ పేరు కూడా ఆమె పని ఆగిపోయిన రోజున ఆగిపోయేది.

జెమినీ అగ్రిమెంటు

మద్రాసులో కాలిపోయిన ఒక స్టూడియోను వేలంలో కొని ఎస్.ఎస్. వాసన్ దానికి జెమినీ అని పేరు పెట్టాడు. పత్రిక నడిపిన అనుభవం, ప్రకటనలంటే తెలివి, పనివాళ్లందరినీ నెల జీతాల మీద పెట్టుకునే పద్ధతి. ఆ రోజుల్లో స్టూడియో అంటే ఒక రాజ్యం. నటులూ, రచయితలూ, సంగీతం వాళ్లూ, వడ్రంగులూ అందరూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్లేవారు.

జెమినీ తెలుగులో 'బాలనాగమ్మ' తీయాలనుకుంది. దర్శకుడు సి. పుల్లయ్య, అంటే కాంచనమాలను మొదట తెర మీద చూపించినవాడే. బాలనాగమ్మ పాత్రకు కాంచనమాల. మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు, అంటే 'మాలపిల్ల'లో గుడికి అడ్డం నిలబడిన శాస్త్రి. సంగు పాత్రలో పుష్పవల్లి. 1942లో విడుదలైన ఆ సినిమా విపరీతంగా ఆడింది. జెమినీకి గట్టి పునాది వేసిన సినిమాల్లో అది ఒకటి.

ఆ సినిమా సమయంలో కాంచనమాలకూ స్టూడియో యజమానికీ గొడవ వచ్చింది. గొడవ లోపలి సంగతుల మీద చాలా కథలు తిరిగాయి. మేము వాటి జోలికి పోవడం లేదు. అందరూ ఒప్పుకునే సంగతి ఒకటి చాలు. ఆమె జెమినీతో అగ్రిమెంటు రాసుకుంది. ఆ అగ్రిమెంటు ప్రకారం బయటి కంపెనీలకు పని చేయకూడదు. గొడవ తర్వాత జెమినీలో ఆమెకు మళ్లీ సినిమా లేదు. బయటికి పోవడానికి వీల్లేదు. తెలుగు సినిమాలో అగ్రతార, ఇరవై అయిదేళ్ల మనిషి, చేతిలో పని లేకుండా కూర్చుంది. ఆ దెబ్బకు ఆమె మనసు చెదిరింది. మళ్లీ పూర్తిగా కోలుకోలేదు.

బాలనాగమ్మ కథ మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. సురభి నాటకాల్లో, బుర్రకథల్లో ఎన్నోసార్లు విన్నాం. మాయలవాడు ఆమెను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. ఆమె నోము పేరు చెప్పి ఏళ్ల తరబడి వాణ్ణి దూరం పెడుతుంది. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. కొడుకు వెళ్లి ఆ చిలకను పట్టుకొస్తే తప్ప ఆమెకు విడుదల లేదు. తెర మీద ఆ చెర నుంచి బయటపడిన నటి, స్టూడియో చెర నుంచి బయటపడలేదు. అగ్రిమెంటులో దాచిన ప్రాణాన్ని తెచ్చిపెట్టేవాడు ఎవరూ రాలేదు.

పాలేరు కాగితం

అగ్రిమెంటు మీద సంతకం పెట్టింది ఆమే కదా, ఇష్టపడే పెట్టింది కదా అని అడిగేవాళ్లు ఉంటారు. ఈ ప్రశ్నకు మన పేటల్లో పాత జవాబు ఉంది.

దౌళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాలో వరి పెరిగింది, పెద్ద రైతులు పెరిగారు, వాళ్లతోపాటే పాలేరుతనం పాతుకుపోయింది. పాలేరు ఏడాదికి కుదురుకుంటాడు. ముందుగా కొంత డబ్బో గింజలో తీసుకుంటాడు. ఆ బాకీ ఉన్నంతకాలం ఇంకో రైతు దగ్గరికి వెళ్లకూడదు. వెళితే ఇంకో రైతు పనిలోకి రానివ్వడు, ఎందుకంటే రైతులంతా ఒక్కటే. అతనూ వేలిముద్ర ఇష్టపడే వేశాడు. ఆకలి ఒక పక్క, ఊరంతా ఒక పక్క ఉన్నప్పుడు ఇష్టానికి అర్థం ఏమిటి? 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఈ సంగతినే ఒప్పుకుంది. బాకీ పేరుతో ఒక మనిషిని పని మానేసి వెళ్లకుండా కట్టిపడేస్తే అది ఒప్పందం కాదు, వెట్టి.

కాంచనమాల పాలేరు కాదు. ఆమెకు డబ్బుంది, కారుంది, పేరుంది. ఆమె కష్టాన్నీ పాలేరు కష్టాన్నీ ఒకే త్రాసులో పెట్టడం మా ఉద్దేశం కాదు. కాగితం పని చేసే తీరు మాత్రం ఒకటే. పని ఇవ్వను, ఇంకో చోట పని చేయనివ్వను. ఈ రెండు మాటలు ఒకే మనిషి అనగలిగినప్పుడు అవతలి మనిషి ఎంత పెద్ద తార అయినా కట్టు కూలీయే.

చట్టం ఆమెకు ఎంత తోడుండేది? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను, ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదంటుంది. అయితే ఒప్పందం గడువు నడుస్తున్నంత కాలం ఇంకెవరికీ పని చేయనని రాసిస్తే ఆ షరతును కోర్టులు సాధారణంగా సమర్థిస్తూ వచ్చాయి. ఈ సందులోంచే స్టూడియోల అధికారం నడిచింది.

అదే కాలంలో ఇంకొందరు ఆడవాళ్లు ఇదే గోడకు తల కొట్టుకున్నారు. హాలీవుడ్ నటి బెట్టీ డేవిస్, వార్నర్ బ్రదర్స్ అగ్రిమెంటును కాదని ఇంగ్లండులో నటించబోతే 1936లో లండన్ కోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. మన దేశంలో మరాఠీ తార శాంతా ఆప్టే 1939లో పూనాలో ప్రభాత్ స్టూడియో గేటు ముందు నిరాహారదీక్షకు కూర్చుంది. ఆ తర్వాత సినిమా పరిశ్రమ నటులను ఎలా వాడుకుంటుందో మరాఠీలో పుస్తకమే రాసింది. ఒలివియా డి హావిలాండ్ కోర్టుకెక్కి 1944లో గెలిచింది. కాలిఫోర్నియాలో ఏడేళ్లకు మించి ఎవరినీ సేవా ఒప్పందంలో కట్టిపడేయకూడదన్నది ఆ తీర్పుతో గట్టిపడింది. ఆమె గెలుపు వెనక అప్పటికే నడుస్తున్న నటుల సంఘం అండ ఉంది.

కాంచనమాలకు సంఘం లేదు. కోర్టు ఖర్చు భరించి నిలబెట్టే స్నేహితులు లేరు. పరిశ్రమలో మిగతా నిర్మాతలు జెమినీని కాదని ఆమెకు వేషం ఇవ్వలేదు. రైతులంతా ఒక్కటే అన్నట్టు, స్టూడియో యజమానులూ ఒక్కటే.

ఒకరిని తరిమారు, ఒకరిని కట్టేశారు

ఇక్కడ మనం పి.కె. రోజీని తలచుకోకుండా ముందుకు పోలేం. 1930 ప్రాంతంలో తిరువనంతపురంలో జె.సి. డేనియల్ తీసిన 'విగతకుమారన్'తో మలయాళ సినిమా మొదలైంది. అందులో కథానాయిక రోజీ. పులయ కులానికి చెందిన దళిత స్త్రీ. తెర మీద ఆమె వేసింది నాయర్ స్త్రీ పాత్ర. దళిత స్త్రీ తమ ఇంటి ఆడదానిగా కనిపించడాన్ని అగ్రకులాల వాళ్లు సహించలేదు. దాడి చేశారు. ఆమె తమిళ ప్రాంతానికి పారిపోయి, పేరు మార్చుకుని, నటి అన్న గుర్తే లేకుండా మిగిలిన జీవితం గడిపింది. ఆ సినిమా ప్రింటు కూడా ఇప్పుడు లేదు.

రోజీకి జరిగింది ఒక పక్క పెట్టి 'మాలపిల్ల'ను చూడండి. దళిత స్త్రీ అగ్రకుల స్త్రీగా నటిస్తే రాళ్లు పడ్డాయి. దళిత స్త్రీ పాత్ర, దళితులు కానివాళ్ల చేతుల్లో తయారై తెర మీదికి వస్తే చప్పట్లు పడ్డాయి, నటి తార అయింది. తెర ఎక్కేది ఎవరో కులం తేల్చింది. ఎక్కినవాళ్లు ఎంతకాలం ఉండాలో మగవాడి అధికారం తేల్చింది. రోజీని వెళ్లగొట్టారు. కాంచనమాలను వెళ్లనివ్వలేదు. ఈ రెండూ వేర్వేరు కథలు అనుకుంటే మన ఉద్యమాలు వేర్వేరుగానే మిగిలిపోతాయి. దళిత స్త్రీ మీద ఈ రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయి. ఊరు వెళ్లగొడుతుంది, పని కట్టేస్తుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. స్త్రీ స్వేచ్ఛ అనగానే ఇల్లు దాటి బయటికి రావడం అని సంస్కరణ సినిమాలు చూపించాయి. దళిత స్త్రీ ఎప్పుడూ బయటే ఉంది. ఊడ్పుల్లో, కోతల్లో, ఇటుక బట్టీల్లో, పరాయి ఇళ్ల పెరళ్లలో. ఎవరూ దాన్ని స్వేచ్ఛ అనలేదు. ఆమెకు కావాల్సింది కూలి తన చేతికి రావడం, తన పేరున సెంటు భూమి ఉండడం, ఒంటి మీద చెయ్యి వేసినవాణ్ణి కాదని రేపు ఇంకో చోట పని దొరుకుతుందన్న ధీమా.

మౌనంలో నలభై ఏళ్లు

'బాలనాగమ్మ' తర్వాత కాంచనమాల దాదాపు నలభై ఏళ్లు బతికింది. తెలుగు సినిమా ఆ నలభై ఏళ్లలో పెరిగి పెద్దదైంది. రంగులు వచ్చాయి, కొత్త తారలు వచ్చారు. ఆమె మద్రాసులోనే, లోకంతో తెగిపోయిన మనసుతో ఉండిపోయింది. 1963లో 'నర్తనశాల'లో ఒక్కసారి కనిపించింది. ఆ సినిమా తీసింది పాత స్నేహితురాలు లక్ష్మీరాజ్యం సంస్థ. ఆమెను మళ్లీ కెమెరా ముందుకు తేవాలనుకున్నది సాటి నటి అన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఆ చిన్న వేషంతోనే అయిపోయింది. 1981 జనవరి 24న ఆమె చనిపోయింది. అదే ఏడాది డిసెంబరులో, పంతొమ్మిది నెలలు కోమాలో ఉండి సావిత్రి చనిపోయింది. ఇద్దరి గురించీ జనం ఒకే తీరున మాట్లాడారు. అందం, పేరు, పతనం. పతనం అన్న మాటలో పడేసినవాళ్లు కనిపించరు.

ఇదే గోడను ఇంకో రకంగా దాటిన మనిషి భానుమతి. 'మిస్సమ్మ' సినిమాకు మొదట ఆమెనే తీసుకుని కొంత షూటింగ్ కూడా చేశారు. నిర్మాత చక్రపాణితో గొడవ వచ్చింది. ఆమె తలవంచలేదు. ఆమె స్థానంలో సావిత్రి వచ్చింది. సినిమా 1955లో వచ్చి పెద్ద హిట్టయింది. భానుమతి బతుకు మాత్రం ఆగలేదు. ఎందుకంటే అప్పటికే భర్త రామకృష్ణతో కలిసి నడిపే భరణి సంస్థ ఉంది. 1953లోనే 'చండీరాణి'కి ఆమె స్వయంగా దర్శకత్వం వహించింది. ఒకరు కాదంటే వెళ్లడానికి ఆమెకు సొంత చోటు ఉంది. గొడవ ఇద్దరికీ వచ్చింది, పౌరుషం ఇద్దరికీ ఉంది. ఒకరు నిలిచారు, ఒకరు కూలిపోయారు. ఆ తేడాను మనిషి గుణంలో వెతకడం అన్యాయం. అది ఆస్తిలో ఉంది, కాగితం ఎవరి చేతిలో ఉందన్న దానిలో ఉంది.

ఇప్పుడు ఎవరి సంతకం?

2018లో తెలుగు సినిమా పరిశ్రమలో లైంగిక దోపిడీ మీద నటీమణులు వీధికెక్కారు. తర్వాత తెలంగాణలో దీని మీద ఒక కమిటీ వేశారు. 2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికి వచ్చినప్పుడు, మన కమిటీ నివేదిక కూడా బయట పెట్టమని తెలుగు నటీమణులు అడిగారు. హేమ కమిటీ చెప్పిన సంగతుల్లో ఒకటి మనకు కొత్తది కాదు. రాతపూర్వక ఒప్పందాలు ఉండవు, ఎదురు తిరిగినవాళ్లకు పని దొరకదు. 1942లో కాగితంతో కట్టేశారు. ఇప్పుడు కాగితమే ఇవ్వకుండా కట్టేస్తున్నారు. రెండు చోట్లా పని ఇచ్చే నలుగురూ ఒక్కటైతే చాలు.

కోనసీమకు తిరిగి వద్దాం. ఇక్కడి పేటల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళతారు. ఇంటి బాకీ తీర్చడానికి, పిల్లల చదువుకు, తాగుబోతు మొగుడి నుంచి తప్పించుకోవడానికి. ఊళ్లో కొందరు వాళ్ల గురించి లేచిపోయినట్టే మాట్లాడతారు. అక్కడ కఫాలా పద్ధతి ఉంది. వీసా ఇచ్చిన యజమాని ఒప్పుకోకపోతే ఇల్లు మారడం కష్టం. పాస్‌పోర్టు యజమాని బీరువాలో పెట్టుకోవడం మామూలు. ఊరు విడిచి వెళ్లగలిగినా, ఆ ఇల్లు విడిచి వెళ్లలేని పరిస్థితి. శంపాలత కలకత్తా ప్రయాణమూ, కాంచనమాల జెమినీ అగ్రిమెంటూ ఒకే ఆడమనిషి బతుకులో కలిసి వస్తున్నాయి.

అందుకే కాంచనమాల కథను అయ్యో పాపం అని చెప్పి వదిలేయలేం. విద్యార్థులు 'మాలపిల్ల' చూసేటప్పుడు శంపాలత ఎలా విముక్తి పొందిందని రాస్తారు. శంపాలతగా నటించిన మనిషి ఏ కాగితం మీద సంతకం పెట్టిందో కూడా రాయాలి. ఆ పాత్ర ఒక దళిత స్త్రీకి ఎందుకు దక్కలేదో కూడా రాయాలి. కార్యకర్తలు గల్ఫ్ వెళ్లే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు జాగ్రత్తలు చెప్పి ఊరుకోకుండా, ఒప్పందం తెలుగులో చదివి వినిపించాలి. ఒక ప్రతి ఆమె దగ్గరా, ఇంకో ప్రతి ఆమె నమ్మే మనిషి దగ్గరా ఉండేలా చూడాలి. పూతరేకులు తీసే ఆడవాళ్ల కూలి ఎవరు లెక్క కడుతున్నారో, ముందు ఇచ్చిన డబ్బు పేరుతో వాళ్లను ఒకే దుకాణానికి కట్టేస్తున్నారో లేదో అడగాలి. డబ్బా మీద భౌగోళిక గుర్తింపు ముద్ర ఉన్నప్పుడు, ఆ రేకు తీసిన మనిషికి ఇంకో దుకాణానికి వెళ్లే హక్కు కూడా ఉండి తీరాలి.